జెట్టు మీది అంకె, జెట్టులోని రంధ్రం

పాత బండి సరిగ్గా లాగకపోతే చాలామంది మొదట ఎయిర్ స్క్రూ మీద చెయ్యి వేస్తారు. అటు అర చుట్టు, ఇటు పావు చుట్టు తిప్పి, ఐడిలింగ్ నిలబడగానే ట్యూనింగ్ అయిపోయిందంటారు. ఐటీఐలో ఫిట్టర్ పిల్లలకు కొలతలు నేర్పే మనిషిని నేను. నా మాట వేరు. ముందు కార్బొరేటర్ బౌల్ విప్పి, లోపల ఏ జెట్లున్నాయో చూడండి. చూడటమంటే అంకె చదవడం ఒక్కటే కాదు, రంధ్రాన్ని కొలవడం కూడా.

నా బండి 1991 నాటి యమహా ఆర్‌ఎక్స్ 100. ఎస్కార్ట్స్ వాళ్లు మన దేశంలో 1985 నుంచి 1996 దాకా తయారుచేసిన ఈ 98 సీసీ టూ స్ట్రోక్‌ని తెలుగు ఊళ్లకు కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. దీనికి ఉండేది మికుని వీఎం20 కార్బొరేటర్. 20 అంటే గాలి వెళ్లే దారి వ్యాసం, మిల్లీమీటర్లలో. ఆ గాలి పీల్చుకునే పెట్రోలుకు హద్దు పెట్టేవి జెట్లు. వేలి గోరుకన్నా చిన్న ఇత్తడి ముక్కలవి.

పైలట్ జెట్, మెయిన్ జెట్ అని ముఖ్యంగా రెండు. ఐడిలింగ్‌లోనూ, యాక్సిలరేటర్ కొద్దిగా తిప్పినప్పుడూ పని పైలట్‌ది. మధ్యలో స్లైడ్‌కి వేలాడే నీడిల్ చూసుకుంటుంది. ముప్పావు దాటి పూర్తిగా తిప్పాకే మెయిన్ జెట్ చేతికి పగ్గాలు వస్తాయి. అందుకే యాక్సిలరేటర్ పిడి మీద తెల్ల టేపు అంటించి పావు, సగం, ముప్పావు గీతలు పెట్టమంటాను. బండి ఏ గీత దగ్గర తడబడుతోందో తెలిస్తే ఏ జెట్‌ని అనుమానించాలో తెలుస్తుంది. ఐడిలింగ్‌లో ఆగిపోయే బండికి మెయిన్ జెట్ మార్చడం డబ్బు దండగ.

అంకెల దగ్గర చాలామంది పొరబడతారు. కీహిన్ మెయిన్ జెట్ మీద 100 అని ఉంటే రంధ్రం ఒక మిల్లీమీటరు; 105 అయితే 1.05. మికుని వారి ఆరు పలకల మెయిన్ జెట్ల అంకె మాత్రం రంధ్రం వ్యాసం కాదు, అందులోంచి ఎంత ద్రవం పారుతుందో చెప్పే లెక్క. ఒకదాని 100 రెండోదాని 100తో సమానం అనుకోకూడదు. 1.00, 1.05 మధ్య తేడా తలవెంట్రుక మందం కూడా ఉండదు. అయినా వైశాల్యం పది శాతం పెరుగుతుంది, పారే పెట్రోలు కూడా దాదాపు అంతే పెరుగుతుంది.

ఈ లెక్క తెలిసినవాడికి పంపు స్టవ్వు పిన్నుతో జెట్ పొడిచే అలవాటు ఎంత చేటో అర్థమవుతుంది. ఇత్తడి మెత్తన, పిన్ను ఉక్కు. నా బండిలో దొరికిన మెయిన్ జెట్ మీద అంకె కంపెనీ పుస్తకం చెప్పిందే. భూతద్దం పెడితే రంధ్రం గుండ్రంగా లేదు, అంచు ఒక పక్క అరిగి ఉంది. అదే అంకె ఉన్న కొత్త జెట్‌లో దూరని పిన్ గేజ్ ఇందులో సులువుగా దిగిపోయింది. అంకె అలాగే ఉంది, జెట్ మారిపోయింది! పిన్ గేజ్‌లు లేకపోతే సన్నని డ్రిల్ బిట్ల వెనకవైపు నున్నటి కాడ పనికొస్తుంది. తొలిచే కొన మాత్రం జెట్ దరిదాపులకు రాకూడదు. శుభ్రం చేయడానికి కార్బ్ క్లీనర్, గాలి, మరీ మొండికేస్తే నైలాన్ గేలపు దారం చాలు.

విప్పేటప్పుడు పెట్రోల్ ట్యాప్ కట్టేయండి, బౌల్లో ఉన్నది ఖాళీ చేయండి. జపాన్ స్క్రూల తల మామూలు స్టార్ స్క్రూడ్రైవర్‌కి సరిగ్గా కూర్చోదు, బలవంతం చేస్తే గాడి చెడిపోతుంది. జెట్ గాడికి నిండుగా పట్టే స్క్రూడ్రైవరే వాడండి.

టూ స్ట్రోక్‌లో లీన్, అంటే పెట్రోలు తక్కువై గాలి ఎక్కువ కావడం, నిజంగా ప్రమాదం. వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది, ఆ తర్వాత బోర్ ఖర్చు తప్పదు. సైలెన్సర్ మార్చినా, ఎయిర్ ఫిల్టర్ పీకేసినా మిశ్రమం లీన్ వైపు జరుగుతుంది. ఇప్పుడు బంకుల్లో వస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలుదీ అదే దారి. కిలో పెట్రోలు పూర్తిగా మండటానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కి తొమ్మిది కిలోలు చాలు. ఇంజెక్షన్ బండ్లలో సెన్సర్ చూసి సర్దుకుంటుంది. పాత కార్బొరేటర్‌కి ఆ సర్దుబాటు మనమే చేయాలి, చాలా బండ్లకు మెయిన్ జెట్ ఒక సైజు పెంచాల్సి రావచ్చు. అయితే ముందు ఇన్‌టేక్ రబ్బరు పగుళ్లు, ఫ్లోట్ ఎత్తు చూసుకోండి. గాలి దొంగదారిన వస్తుంటే ఏ జెట్ వేసినా ఫలితం ఉండదు.

ఒకసారి ఒకటే మార్చాలి. ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో పూర్తిగా లాగించి, క్లచ్ పట్టి ఇంజన్ ఆపేసి, ప్లగ్ విప్పి చూడండి. కాఫీపొడి రంగు మంచిది. తెల్లగా ఉంటే లీన్, మసి పడితే రిచ్, అంటే పెట్రోలు ఎక్కువ. అలా మే నెలలో కుదిరిన జెట్‌ని డిసెంబరు తెల్లవారుజామున మళ్లీ పరీక్షించాలి. చల్లగాలి చిక్కన, అదే జెట్ అప్పుడు ఇంకాస్త లీన్‌గా నడుస్తుంది.