ఊచలు పోయె.. కందకం వచ్చె!
విశాఖ జూలో చూడవలసింది జంతువులనే కాదు, వాటి నివాసాలనూ

ఆత్రేయపురం: సెలవులు వచ్చాయంటే గోదావరి లంక గ్రామాల పిల్లలకు ముందుగా గుర్తొచ్చేది విశాఖపట్నం జూ. రావులపాలెంలో 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే రెండు వందల కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం తర్వాత అదే రోడ్డు జూ ద్వారం ముందుకు చేరుస్తుంది. బొబ్బర్లంక మీదుగా ధవళేశ్వరం ఆనకట్ట దాటి, రాజమహేంద్రవరంలో రైలెక్కేవారూ ఉన్నారు. తెల్లవారుజామున బయలుదేరితే ఒక్కరోజులో చూసి రావచ్చు. సోమవారం మాత్రం జూకు సెలవు.

కంబాలకొండ అడవిని ఆనుకుని సుమారు 625 ఎకరాల్లో విస్తరించిన ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాలలో 1977 మే 19 నుంచి సందర్శకులను అనుమతిస్తున్నారు. పులి, సింహం, ఏనుగు, నీటిగుర్రం, దుమ్ములగొండి ఇక్కడి ఆకర్షణలు. అయితే జంతువుతో పాటు అది నివసించే ఎన్‌క్లోజర్‌నూ గమనిస్తే జూ అసలు కథ అర్థమవుతుంది.

కందకం ఎందుకు?
పూర్వం జూ అంటే ఇనుప ఊచలు, సిమెంటు గచ్చు. ఇరుకు బోనులో బంధించిన పులి ఒకే దారిలో అటూ ఇటూ పచార్లు చేసేది. అది హుషారు కాదు, మానసిక ఒత్తిడికి గుర్తు. ఊచలకు బదులు లోతైన కందకం తవ్వి, లోపల చెట్లు, నీటి మడుగు ఏర్పాటు చేసే పద్ధతిని జర్మనీలోని హాంబర్గ్‌లో కార్ల్ హాగెన్‌బెక్ 1907లో ప్రజల ముందుకు తెచ్చారు. 1963 అక్టోబరు 6న ప్రారంభమైన హైదరాబాద్ నెహ్రూ జంతు ప్రదర్శనశాలలోనూ కందకాలే సరిహద్దులయ్యాయి. 1992లో ఏర్పడిన కేంద్ర జూ ప్రాధికార సంస్థ దేశంలోని జూలన్నింటికీ ప్రమాణాలు నిర్దేశిస్తోంది. ఎన్‌క్లోజర్ విశాలంగా ఉన్నప్పుడు జంతువు పొదచాటున పడుకుని కనిపించకపోవచ్చు. దానిని లోపంగా భావించరాదు. మనిషి చూపు నుంచి తప్పుకునే వీలు ఉండడమే దానికి ఊరట.

మారిన పాత్ర
పులులు, సింహాలు, ఎలుగుబంట్లను సర్కస్‌లలో ఆడించరాదని కేంద్రం 1998లో ఉత్తర్వులిచ్చింది. 2001లో సుప్రీంకోర్టు వాటిని సమర్థించింది. అలా విముక్తి పొందిన మృగాలకు ఆశ్రయమిచ్చేందుకు విశాఖ జూకు అనుబంధంగా సంరక్షణ కేంద్రం నెలకొల్పారు. అంతరించే ముప్పున్న రేచుకుక్కల సంతతిని పెంచే కార్యక్రమంలోనూ ఈ జూది ముఖ్యపాత్ర. గోదావరి ఎగువన పాపికొండల అడవుల్లో తిరిగే జాతే ఇది.

2014 అక్టోబరు 12న విరుచుకుపడిన హుద్‌హుద్ తుపానుకు జూలో పెద్దసంఖ్యలో చెట్లు నేలకూలాయి. ఎన్‌క్లోజర్లు దెబ్బతిన్నాయి. మరమ్మతులు ముగిసే వరకు సందర్శకులకు ప్రవేశం నిలిపివేశారు.

గీత దాటితే ప్రాణాంతకం
ఊచలు లేనంత మాత్రాన మృగం సాధువు కాదు. శుభ్రపరచే ముందు జంతువును రాత్రి గదిలోకి పంపి, తలుపు మూసిన తర్వాతే సంరక్షకుడు లోపలికి వెళ్లాలి. 2023 నవంబరు 27న విశాఖ జూలో విధుల్లో ఉన్న సంరక్షకుడు ఒకరు ఎలుగుబంటి దాడిలో మరణించారు. 2024 ఫిబ్రవరి 15న తిరుపతి శ్రీవేంకటేశ్వర జూలో సింహాల ఎన్‌క్లోజర్‌లోకి దూకిన వ్యక్తి ప్రాణాలు కోల్పోయాడు. సెల్ఫీ కోసం కంచె ఎక్కేవారు ఈ రెండు ఘటనలనూ గుర్తుంచుకోవాలి.

పూతరేకులు పిల్లలకే
2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకులు ఇక్కడివారి ప్రయాణపు సంచిలో తప్పక ఉంటాయి. ముచ్చటపడి వాటిని జింకలకు విసరరాదు. నెమరువేసే జంతువులకు పంచదార, పిండి పదార్థాలు ఎక్కువైతే కడుపులో పులిసి, ప్రాణం మీదకు తెస్తాయి. వాసనకు ఆశపడి ప్లాస్టిక్ కవరు మింగితే జీర్ణాశయంలో అడ్డుపడుతుంది. ఏ జంతువుకు ఏది, ఎంత పెట్టాలో జూ వైద్యులు నిర్ణయిస్తారు.

అరుపులు, రాళ్లు, తినుబండారాలు లేకుండా కాసేపు నిశ్శబ్దంగా నిలబడితే చాలు. పొదచాటు పులి తానే బయటకు రావచ్చు. రాకపోయినా, అది ఎందుకు రాలేదో పిల్లలకు వివరించగలిగితే ఆ ప్రయాణం వృథా కాదు.