క్రెటా కొంటున్నారా? షోరూంలో ఒక లెక్క.. రోడ్డెక్కాక ఇంకో లెక్క! ఓనర్ల అనుభవం చెబుతున్న నిజాలివే..

కారు కొనేముందు అందరూ చూసేవి మూడు.. లుక్కు, ధర, మైలేజ్. కొన్న ఏడాది తర్వాత ఓనర్లు మాట్లాడుకునేవి మాత్రం వేరు. ట్రాఫిక్‌లో ఎంత పెట్రోల్ తాగుతోంది? వెనక సీట్లో అమ్మానాన్నలకు సౌకర్యంగా ఉందా? బంపర్‌కు గీత పడితే జేబుకు ఎంత చిల్లు?

మధ్యతరగతి కుటుంబానికి కారంటే ఐదేళ్లు, ఏడేళ్ల ఈఎంఐ. మన తిరుగుడుకు నప్పని ఇంజినో, గేర్‌బాక్సో తీసుకుంటే అన్నేళ్లూ దాంతోనే సర్దుకుపోవాలి. అందుకే మన రోడ్ల మీద బాగా కనిపించే ఫ్యామిలీ కారు హ్యుందాయ్ క్రెటాను ఉదాహరణగా తీసుకుని, వాడకంలో తేలే అసలు విషయాలేంటో చూద్దాం. ఇందులో చాలా అంశాలు ఈ సైజులోని మిగతా కార్లకూ వర్తిస్తాయి.

అసలు ఇది ఎస్‌యూవీనా.. క్రాసోవరా?

క్రెటా 2015లో మన దేశంలో లాంచ్ అయింది. 2020లో రెండో తరం మోడల్, 2024 జనవరిలో దానికి ఫేస్‌లిఫ్ట్, 2025 జనవరిలో ఎలక్ట్రిక్ వెర్షన్ వచ్చాయి. అందరూ ఎస్‌యూవీ అంటారు కానీ, తయారీ పరంగా చూస్తే ఇది క్రాసోవర్. అంటే మామూలు కారులాగే బాడీ, ఫ్రేమ్ కలిసి ఒకే నిర్మాణంగా ఉంటాయి. ఫార్చ్యూనర్, స్కార్పియో-ఎన్ లాంటి వాటికి కింద విడిగా ల్యాడర్ ఫ్రేమ్ ఉంటుంది.

తేడా ఎక్కడ తెలుస్తుందంటే.. క్రాసోవర్ నడపడానికి కారులా తేలిగ్గా ఉంటుంది, కుదుపు తక్కువ. కానీ క్రెటాకు ఫోర్ వీల్ డ్రైవ్ లేదు. పవర్ ముందు చక్రాలకే వెళ్తుంది. వానాకాలం పొలం గట్టు మీదికి, బురద దారిలోకి తీసుకెళ్తే జీపులా పోతుందనుకోవద్దు.

మైలేజ్: 17.4 ఎక్కడ.. 11 ఎక్కడ?

1.5 లీటర్ పెట్రోల్ మాన్యువల్ క్రెటాకు కంపెనీ చెప్పే మైలేజ్ లీటర్‌కు 17.4 కి.మీ. డీజిల్ మాన్యువల్‌కు 21.8 కి.మీ. ఇవి అబద్ధాలు కావు. కాకపోతే ఆ టెస్ట్ మన రోడ్డు మీద జరగదు. ల్యాబ్‌లో రోలర్ల మీద, ఏసీ ఆఫ్ చేసి, గరిష్ఠంగా 90 కి.మీ. వేగంతో నడిపి చూస్తారు.

మన దగ్గర సంగతి తెలిసిందే. ఏప్రిల్, మే ఎండల్లో ఏసీ లేకుండా పది నిమిషాలు కూడా కూర్చోలేం. అమీర్‌పేట ట్రాఫిక్‌లోనో, విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరో బండి ఆగి ఉన్నా ఏసీ తిరుగుతూనే ఉంటుంది, పెట్రోల్ ఖర్చవుతూనే ఉంటుంది. అందుకే సిటీలో పెట్రోల్ క్రెటాకు 10 నుంచి 12 మధ్య మైలేజ్ వస్తోందని ఓనర్లు చెప్పడం మామూలే. అదే బండి హైవే మీద 15 దాటుతుంది.

ఓ లెక్క చూద్దాం. నెలకు 1,000 కి.మీ. తిరుగుతారు, పెట్రోల్ లీటర్ 107 రూపాయలు అనుకుందాం. 17.4 మైలేజ్ వస్తే నెల ఖర్చు సుమారు 6,150 రూపాయలు. 11 వస్తే దాదాపు 9,730. అంటే నెలకు 3,500కు పైగా తేడా! ఈఎంఐ లెక్కేసుకునేటప్పుడు చాలామంది మర్చిపోయేది ఇదే.

హైవే మీద కూడా స్పీడే మైలేజ్‌ను నిర్ణయిస్తుంది. హైదరాబాద్ ఓఆర్ఆర్ మీద 90లో వెళ్లే బండిని 120కి పెంచితే, గాలి నుంచి ఎదురయ్యే నిరోధం దాదాపు 1.8 రెట్లు అవుతుంది. ఎత్తుగా, వెడల్పుగా ఉండే క్రాసోవర్లకు ఈ దెబ్బ ఇంకా ఎక్కువ.

అసలు మైలేజ్ తెలియాలంటే డిస్‌ప్లేను నమ్ముకోవద్దు. ట్యాంక్ ఫుల్ చేయించి ట్రిప్ మీటర్ జీరో చేయండి. మళ్లీ ఫుల్ చేయించినప్పుడు తిరిగిన కిలోమీటర్లను పోయించిన లీటర్లతో భాగించండి. మూడు నాలుగు సార్లు ఇలా చేస్తే మీ బండి నిజమైన లెక్క తేలిపోతుంది.

ఈ-20 పెట్రోల్‌తో ఎంత తగ్గుతుంది?

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. లీటర్ పెట్రోల్‌తో పోలిస్తే లీటర్ ఇథనాల్‌లో శక్తి మూడో వంతు తక్కువ. కాబట్టి మైలేజ్ కొంత తగ్గడం సహజం. ఈ-20కి తగ్గట్టు ట్యూన్ చేసిన కార్లలో 1-2 శాతం, మిగతా వాటిలో 3-6 శాతం వరకు తగ్గొచ్చని కేంద్ర పెట్రోలియం శాఖ 2025లో చెప్పింది. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన క్రెటాను సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే, అది ఏ పెట్రోల్‌కు సరిపోతుందో ఓనర్ మాన్యువల్‌లో తప్పక చూసుకోండి.

డీజిల్ తీసుకుంటే లాభమేనా?

ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తారు. ఒకే వేరియంట్‌లో పెట్రోల్‌కు, డీజిల్‌కు ధర తేడా సుమారు లక్షన్నర అనుకుందాం. సిటీలో డీజిల్ 15 మైలేజ్ ఇస్తుంది, లీటర్ 96 రూపాయలు అనుకుంటే..

- నెలకు 1,000 కి.మీ. తిరిగితే: నెలకు సుమారు 3,300 మిగులు. లక్షన్నర తిరిగి రావడానికి దాదాపు నాలుగేళ్లు.
- నెలకు 2,000 కి.మీ. తిరిగితే: రెండేళ్లలోపే వసూలు.
- నెలకు 400 కి.మీ. మాత్రమే అయితే: తొమ్మిదేళ్లు దాటుతుంది!

ఎక్కువ పెట్టిన డబ్బుపై లోన్ వడ్డీ దీనికి అదనం. డబ్బు ఒక్కటే కాదు, ఇంకో చిక్కు కూడా ఉంది. బీఎస్-6 డీజిల్ కార్లన్నింటికీ పొగ గొట్టం దారిలో డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. మసిని పట్టుకోవడం దీని పని. ఆ మసి కాలిపోవాలంటే ఫిల్టర్ బాగా వేడెక్కాలి. దానికి బండి కాసేపు ఆగకుండా ఒక స్పీడ్‌లో నడవాలి. రోజూ పిల్లల స్కూలు, కూరగాయల మార్కెట్ అంటూ మూడు నాలుగు కిలోమీటర్లే తిప్పితే ఫిల్టర్ వేడెక్కదు, మసి పేరుకుపోతుంది, డాష్‌బోర్డ్ మీద వార్నింగ్ లైట్ వెలుగుతుంది.

లైట్ రాగానే మాన్యువల్‌లో చెప్పినట్టు హైవే మీద కాసేపు నిలకడగా నడిపితే చాలాసార్లు సర్దుకుంటుంది. పట్టించుకోకుండా తిప్పితే మాత్రం ఇంజిన్ పవర్ తగ్గించేస్తుంది, బండి వర్క్‌షాప్‌కు వెళ్లాల్సిందే. కాబట్టి వారం వారం ఊరెళ్లేవారికి డీజిల్ బెస్ట్. సిటీ దాటని బండికి పెట్రోలే నయం.

ఏ గేర్‌బాక్స్ ఎవరికి?

ఆటోమేటిక్ అంటే అన్నీ ఒకటే అనుకుంటారు. క్రెటాలోనే మూడు రకాలున్నాయి. మామూలు 1.5 పెట్రోల్‌కు ఐవీటీ, టర్బో పెట్రోల్‌కు డీసీటీ, డీజిల్‌కు టార్క్ కన్వర్టర్.

ఐవీటీ సిటీలో చాలా స్మూత్. జర్క్ ఉండదు, మోకాళ్ల నొప్పులున్నవారికి హాయి. కానీ ఓవర్‌టేక్ కోసం గట్టిగా తొక్కితే ముందు సౌండ్ వస్తుంది, తర్వాత స్పీడ్ వస్తుంది. డీసీటీ ఉన్న టర్బోకు 160 పీఎస్ పవర్ ఉంది, హైవే మీద దూసుకెళ్తుంది. అయితే ఇది డ్రై క్లచ్ రకం. అంగుళం అంగుళం కదిలే ట్రాఫిక్‌లో క్లచ్ వేడెక్కే అవకాశం ఉంటుంది. ముందు బండికి కాస్త గ్యాప్ ఇచ్చి, ఒకేసారి కదిలించడం అలవాటు చేసుకోవాలి. డీజిల్‌లోని టార్క్ కన్వర్టర్ ఇలాంటి ట్రాఫిక్‌ను బాగానే తట్టుకుంటుంది.

టెస్ట్ డ్రైవ్‌కు వెళ్తే షోరూం పక్కన ఖాళీ రోడ్డు మీద ఒక రౌండ్ కొట్టి వచ్చేయకండి. మీరు రోజూ వెళ్లే దారిలో, రోజూ వెళ్లే టైమ్‌లో నడిపి చూడండి.

వెనక సీటు, డిక్కీ: ఫ్యామిలీకి అసలు పరీక్ష ఇదే

ఇలాంటి కార్లు కొన్నవారు ఎక్కువగా మెచ్చుకునేది సీటు ఎత్తును. చిన్న కారులోలా కిందికి కూలబడక్కర్లేదు, పెద్ద జీపులోలా పైకి ఎక్కక్కర్లేదు. నడుం వంచకుండా పక్కకు జరిగి కూర్చోవచ్చు. అమ్మమ్మలు, తాతయ్యలు ఉన్న ఇంటికి ఇది సన్‌రూఫ్ కంటే విలువైన ఫీచర్.

వెనక ఇద్దరు పెద్దలు, మధ్యలో ఒక పిల్లాడు అయితే హాయిగా ఉంటుంది. ముగ్గురు పెద్దలైతే కూర్చోవచ్చు కానీ, హైదరాబాద్ నుంచి తిరుపతి దాకా అంటే భుజాలు ఒరుసుకుంటాయి. డిక్కీ 433 లీటర్లు. రెండు పెద్ద సూట్‌కేసులు, రెండు చేతి బ్యాగులు పడతాయి. సంక్రాంతికి ఊరెళ్లి వచ్చేటప్పుడు పాతిక కిలోల బియ్యం బస్తా, అరిసెల డబ్బాలు, మామిడికాయ పచ్చడి జాడీ కూడా అంటే మాత్రం సర్దడంలో నేర్పు చూపించాలి.

సన్‌రూఫ్ గురించి ఒక్కమాట. పిల్లలు అందులోంచి నిలబడి తల బయటపెడుతుంటే ముచ్చటగా ఉంటుంది కానీ, సడెన్ బ్రేక్ పడితే ప్రాణాలకే ముప్పు. 2024 మోడల్‌లో అన్ని వేరియంట్లకూ 6 ఎయిర్‌బ్యాగులు ఇచ్చారు. సీటు బెల్టు పెట్టుకుంటేనే అవి సరిగ్గా కాపాడతాయి, వెనక కూర్చున్నవారికీ బెల్టు తప్పనిసరి. పాతది కొనేవారికి మరో విషయం.. 2022లో గ్లోబల్ ఎన్‌క్యాప్ టెస్ట్‌లో రెండు ఎయిర్‌బ్యాగులున్న అప్పటి క్రెటాకు 3 స్టార్లే వచ్చాయి. వేరియంట్‌లో ఎన్ని ఎయిర్‌బ్యాగులున్నాయో చూసుకున్నాకే బేరం మొదలుపెట్టండి.

స్పీడ్ బ్రేకర్లు.. వరద నీళ్లు

గ్రౌండ్ క్లియరెన్స్ 190 ఎంఎం. రూల్ ప్రకారం కట్టిన స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లే, కాబట్టి ఇబ్బందే లేదు. కానీ మన కాలనీల్లో ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు పోసిన దిబ్బలకు రూల్ ఎక్కడిది? ఐదుగురు, లగేజీతో ఉంటే బండి కిందికి దిగుతుంది, అది గుర్తుంచుకోవాలి.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదకు విజయవాడలో వందల కొద్దీ కార్లు నీట మునగడం చూశాం. ఎత్తైన కారు కదా అని నీళ్లలోకి దించడం, ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టడం.. ఇవి రెండూ చేయకూడని పనులు. ఇంజిన్‌లోకి నీళ్లు వెళ్లాక స్టార్ట్ చేస్తే లోపలి భాగాలు వంగిపోతాయి. మామూలు ఇన్సూరెన్స్‌లో ఆ నష్టానికి క్లెయిమ్ రాకపోవచ్చు. ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ ఉందో లేదో పాలసీలో చూసుకోండి. నీళ్లలో ఆగిపోతే టోయింగ్‌కు ఫోన్ చేయడమే మంచిది.

సర్వీస్, టైర్లు, ఇన్సూరెన్స్: కనపడని ఖర్చులు

సర్వీస్ 10,000 కి.మీ. లేదా ఏడాది.. ఏది ముందైతే అది. వారంటీ 3 ఏళ్లు. మొదట్లో సర్వీస్ బిల్లు పెద్దగా బాధించదు. 40 నుంచి 50 వేల కి.మీ. దగ్గర టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, బ్యాటరీ దాదాపు ఒకేసారి వస్తాయి. ఆ ఏడాది ఖర్చు ఒక్కసారిగా పెరుగుతుంది. ముందుగానే నెలకు కొంత పక్కన పెట్టుకుంటే భారం అనిపించదు.

ఇన్సూరెన్స్‌లో జీరో డెప్ లేకపోతే ప్లాస్టిక్ భాగాల ఖరీదులో సగం మనమే కట్టుకోవాలి. బంపర్ 10 వేలైతే 5 వేలు మన జేబులోంచే. అలాగని ప్రతి చిన్న గీతకూ క్లెయిమ్ చేయొద్దు. క్లెయిమ్ లేకుండా మొదటి ఏడాది గడిస్తే 20 శాతం, వరుసగా ఐదేళ్లు గడిస్తే 50 శాతం దాకా నో క్లెయిమ్ బోనస్ వస్తుంది. రెండు వేల రిపేర్ కోసం ఆ బోనస్ పోగొట్టుకుంటే నష్టమే.

బుకింగ్‌కు ముందు ఈ ప్రశ్నలు వేయండి

మీ వీధిలోనో, ఆఫీసులోనో ఈ కారు ఉన్నవారు దొరక్కపోరు. "బండి ఎలా ఉంది?" అంటే "బాగుంది" అనే అంటారు. అలా కాకుండా ఇలా అడగండి..

1. నెలకు ఎన్ని కిలోమీటర్లు తిప్పుతారు? అందులో సిటీ ఎంత, హైవే ఎంత?
2. ట్యాంక్ టు ట్యాంక్ మైలేజ్ ఎప్పుడైనా చూశారా?
3. పోయిన సర్వీస్‌కు బిల్లు ఎంతైంది? అందులో మీరు అడగకుండా చేసిన పనులేమైనా ఉన్నాయా?
4. ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేస్తే మీ జేబులోంచి ఎంత పడింది?
5. మళ్లీ కొంటే ఇదే ఇంజిన్, ఇదే గేర్‌బాక్స్ తీసుకుంటారా?

వీటిలో మొదటి ప్రశ్నే కీలకం. ఆయన తిరిగే దారి, మీరు తిరిగే దారి ఒకటైతేనే ఆయన అనుభవం మీకు పనికొస్తుంది. నెలకు రెండు వేల కిలోమీటర్లు హైవే మీద తిరిగే ఓనర్‌కు బ్రహ్మాండంగా అనిపించే డీజిల్, రోజుకు ఐదు కిలోమీటర్లు తిరిగే మీకు తలనొప్పి కావచ్చు. అందుకే షోరూంకు వెళ్లేముందు ఒక నెల పాటు మీ తిరుగుడు మొత్తం కాగితం మీద రాసుకోండి. ఏ కారు, ఏ ఇంజిన్ అన్నది సేల్స్‌మన్ కంటే ఆ కాగితమే బాగా చెబుతుంది.

(గమనిక: పైన లెక్కల కోసం వాడిన ఇంధన ధరలు, ధర తేడాలు ఉదాహరణకు మాత్రమే. ఊరిని, వేరియంట్‌ను బట్టి ఇవి మారతాయి. కొనేముందు డీలర్ దగ్గర తాజా ధరలు కనుక్కోండి.)