ఐపీ చిరునామాకు 16 బైట్లు చాలు

2001:4860:4860::8888, 2001:4860:4860::8844. గూగుల్ పబ్లిక్ డీఎన్‌ఎస్ సర్వర్ల ఐపీవీ6 చిరునామాలివి. ఒక్కోదానిలో 20 అక్షరాలున్నాయి. ఐపీ చిరునామా 15 అక్షరాలు దాటదన్న పాత లెక్కతో వార్‌చార్(15)గా పెట్టిన కాలమ్‌లోకి వీటిని పంపితే, స్ట్రిక్ట్ మోడ్‌లో ఉన్న మైఎస్‌క్యూఎల్ లేదా మరియాడీబీ డేటాబేస్ తిప్పికొడుతుంది. ఆ మోడ్ లేకుంటే ఒక వార్నింగ్ ఇచ్చి మొదటి 15 అక్షరాలే ఉంచుకుంటుంది. రెండు చిరునామాలకూ మిగిలేది 2001:4860:4860: అనే ముక్కే. ఆ లాగ్ చూసి ఏది ఏ సర్వరో ఇక ఎవరూ చెప్పలేరు.

ఆ 15 లెక్క ఐపీవీ4 కాలానిది. 1981లో ఖరారైన ఐపీవీ4లో చిరునామా 32 బిట్లు. అంటే మొత్తం 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 చిరునామాలు. 2011 ఫిబ్రవరిలో ప్రపంచ స్థాయి నిల్వ అడుగంటింది, ఏప్రిల్‌లో ఆసియా-పసిఫిక్ ప్రాంత నిల్వకూ అదే గతి పట్టింది. ఐపీవీ6 చిరునామా 128 బిట్లు, అంటే 16 బైట్లు. దాన్ని పూర్తిగా రాస్తే 39 అక్షరాలు. లోపల ఐపీవీ4 చిరునామాను ఇమిడ్చి రాసే రూపమైతే 45 దాకా పోతుంది. మన దేశంలో ఇంటర్నెట్ వాడేవారిలో సగానికి పైగా ఇప్పటికే ఐపీవీ6 మీదకు వచ్చేశారు.

కాలమ్‌ను వార్‌చార్(45) చేస్తే సరిపోదా అని అడిగేవాళ్లుంటారు. సరిపోదు. 2001:4860:4860::8888 అన్నా, 2001:4860:4860:0:0:0:0:8888 అన్నా, ప్రతి సున్నానూ విప్పి 2001:4860:4860:0000:0000:0000:0000:8888 అన్నా చిరునామా ఒక్కటే. అక్షరాలు పోల్చే డేటాబేస్‌కు మాత్రం అవి మూడు. నిషేధిత జాబితాలో ఒక రూపం రాసి ఉంటే, మరో రూపంలో వచ్చినవాడు దర్జాగా లోపలికి వస్తాడు.

ఐపీవీ4కూ ఈ బెడద ఉంది. 10.0.1 నెట్‌వర్క్‌లోని 256 చిరునామాలు కావాలని '10.0.1%' అని లైక్ ఆపరేటర్‌తో వెతికారనుకోండి. 10.0.1తో పాటు 10.0.10 నుంచి 10.0.19 వరకు, 10.0.100 నుంచి 10.0.199 వరకు అన్నీ పట్టుబడతాయి. 1, 10, 100 కలిపితే 111 నెట్‌వర్కులు, 28,416 చిరునామాలు. చివర చుక్క పెట్టి '10.0.1.%' అంటే తప్పుతుంది నిజమే, కానీ భద్రత ఒక చుక్క మీద ఆధారపడకూడదు. వరుసలో పెట్టమన్నా 10.0.0.10 వచ్చి 10.0.0.2 కంటే ముందు కూర్చుంటుంది.

అందుకే చిరునామాకు సొంత డేటా టైప్ ఉండాలి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 1998లోనే ఐనెట్, సీఐడీఆర్ టైపులు ఇచ్చింది, 2003లో వాటికి ఐపీవీ6 నేర్పింది. మరియాడీబీ 2020లో 10.5 వర్షన్‌తో ఐనెట్6 తెచ్చింది. ఐపీవీ4 కోసం ఐనెట్4 ఆ తర్వాత 10.10లో వచ్చింది.

కొత్త టైప్ అంటే 16 బైట్ల గది కేటాయించడంతో అయిపోదు. వచ్చిన అక్షరాలను చదివి, 10.0.0.256 లాంటివాటిని గుమ్మంలోనే ఆపాలి. బైట్లను పెద్ద విలువ ముందుండే క్రమంలో దాచాలి. అప్పుడే బైట్లను నేరుగా పోల్చినా వరుస సరిగ్గా వస్తుంది. తిరిగి చూపేటప్పుడు ఒకే రూపం ఉండాలి. ఆ రూపానికి 2010లో ఆర్‌ఎఫ్‌సీ 5952 నియమాలు పెట్టింది: ముందు సున్నాలు తీసేయాలి, వరుస సున్నాల గుంపుల్లో అతి పొడవైనదాన్నే :: గా కుదించాలి. ఐనెట్6 ఆ నియమాలనే పాటిస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన పని క్వెరీలో జరగాలి. వేర్ తర్వాత మనం కోట్స్‌లో రాసిన చిరునామాను డేటాబేస్ ఒక్కసారి 16 బైట్లుగా మార్చుకుని ఇండెక్స్‌లో వెతకాలి. అలా కాకుండా కాలమ్‌లోని ప్రతి విలువనూ అక్షరాలుగా మార్చి పోల్చితే ఇండెక్స్ ఉండీ లేనట్టే. 10 కోట్ల వరుసలున్న టేబుల్‌లో ఒక్క చిరునామా కోసం 10 కోట్ల మార్పిడులు జరుగుతాయి.

స్థలం లెక్కా చూద్దాం. పూర్తిగా విప్పి రాసిన 39 అక్షరాలకు నిడివి చెప్పే బైటు కలిపితే 40. 10 కోట్ల వరుసలకు 4 జీబీ. బైట్లలోనైతే 1.6 జీబీ. కానీ 20 అక్షరాల కుదించిన రూపాలే ఎక్కువైతే అక్షరాలకూ 2.1 జీబీ చాలు, ఆదా తగ్గిపోతుంది. పోస్ట్‌గ్రెస్ ఐనెట్ అయితే నెట్‌వర్క్ నిడివి వంటి వివరాలు కలుపుకుని ఐపీవీ4కు 7, ఐపీవీ6కు 19 బైట్లు తీసుకుంటుంది. కాబట్టి స్థలం ఆదాను నేను రెండో కారణంగానే చూస్తాను. చిరునామాలను సరిగ్గా పోల్చగలగడం, అవి సరైన వరుసలో రావడం మొదటి కారణం.

మైఎస్‌క్యూఎల్ 8.0లోనూ ఇలాంటి సొంత టైప్ లేదు. అక్కడ వార్‌బైనరీ(16) కాలమ్ పెట్టి, 5.6 నుంచి ఉన్న ఐనెట్6_ఏటన్ ఫంక్షన్‌తో మార్చి దాచుకోవాలి.

మీ టేబుళ్లలో వార్‌చార్(15)గా ఉన్న ఐపీ కాలమ్‌లు ఎన్ని ఉన్నాయో ఈ వారమే వెతకండి. టైప్ మార్చేముందు ఖాళీ స్ట్రింగులను నల్ చేసుకోండి, ఒంటి కోలన్‌తో ముగిసిన 15 అక్షరాల విలువలను విడిగా తీసి పెట్టండి. అవి ఇప్పటికే కోతపడ్డ చిరునామాలు. ఏ డేటా టైపూ వాటిని తిరిగి అతికించలేదు.