యూనిట్ - 9: ప్రాంగణ పవర్ హౌస్ నవీకరణ - భవన నిర్మాణ, అగ్నిభద్రతా నియమాల అమలు

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 వర్తించే నియమాలు, అధికారులు
9.3 పాత భవనం - నేటి ప్రమాణం
9.4 ఉదాహరణ: మూడో జనరేటర్
9.5 భవనంలో పరిశీలించవలసిన అంశాలు
9.6 పని జరిగే కాలంలో భద్రత
9.7 పని ముగింపు
9.8 సారాంశం
9.9 ముఖ్య పదాలు
9.10 నమూనా పరీక్ష ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరువాత మీరు:

- పవర్ హౌస్ నవీకరణకు వర్తించే ముఖ్యమైన చట్టాలను, నియమాలను పేర్కొనగలుగుతారు.
- యంత్రం మార్పు వల్ల భవనంలో అపాయం ఎలా మారుతుందో వివరించగలుగుతారు.
- డీజిల్ నిల్వకు లైసెన్సు అవసరమో కాదో లెక్కించగలుగుతారు.
- పని జరిగే రోజుల్లో తీసుకోవలసిన జాగ్రత్తలను వివరించగలుగుతారు.

9.1 పరిచయం

విశ్వవిద్యాలయం కావచ్చు, వైద్య కళాశాల కావచ్చు, ప్రతి పెద్ద ప్రాంగణంలోనూ ఒక పవర్ హౌస్ ఉంటుంది. బయటి నుంచి వచ్చే 11 కె.వి. సరఫరాను తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్లు, స్విచ్‌గేర్, కరెంటు పోయినప్పుడు నడిచే డీజిల్ జనరేటర్లు, బ్యాటరీ గది దానిలో భాగాలు. కొన్ని చోట్ల వంటశాలకు, ఆసుపత్రి లాండ్రీకి ఆవిరిని అందించే బాయిలర్ కూడా అక్కడే ఉంటుంది.

ముప్పై, నలభై ఏళ్ల కిందట కట్టిన పవర్ హౌస్‌లు నాటి అవసరాలకు సరిపోయాయి. ఆ తరువాత హాస్టళ్లు పెరిగాయి, ప్రయోగశాలలు వచ్చాయి, ఏసీలు, కంప్యూటర్లు వచ్చాయి. లోడు పెరిగింది కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ మార్చాలి, జనరేటర్ పెంచాలి, పాత ప్యానెళ్లు తీసేయాలి. దీనినే నవీకరణ అంటున్నాం.

ఈ పనిని యంత్రాలు మార్చే పనిగా మాత్రమే చూడడం సాధారణంగా జరిగే పొరపాటు. యంత్రం మారితే భవనంలోని అపాయం మారుతుంది. అపాయం మారితే వర్తించే నియమమూ మారుతుంది. అందువల్ల నియమాల పరిశీలన డిజైన్ దశలోనే మొదలై, పని జరిగే ప్రతి రోజూ కొనసాగాలి. చివరలో అనుమతి పత్రం తెచ్చుకుంటే సరిపోదు. ఈ యూనిట్‌లో మనం చర్చించే ప్రధానాంశం ఇదే.

9.2 వర్తించే నియమాలు, అధికారులు

భవనాల విషయంలో మన దేశంలో ప్రధాన ఆధారం జాతీయ భవన నిర్మాణ నియమావళి. భారతీయ ప్రమాణాల సంస్థ దీనిని మొదట 1970లో వెలువరించింది. 1983లో, 2005లో, 2016లో సవరించింది. దీనిలోని 4వ భాగం అగ్ని, ప్రాణ భద్రతకు సంబంధించినది. ఈ నియమావళి స్వయంగా చట్టం కాదు. రాష్ట్ర ప్రభుత్వం లేదా స్థానిక సంస్థ తన నిబంధనలలో చేర్చుకున్నప్పుడు అది తప్పనిసరి అవుతుంది.

పవర్ హౌస్‌కు దీనితో పాటు మరికొన్ని చట్టాలు వర్తిస్తాయి.

అ) విద్యుత్ భద్రత: విద్యుత్ చట్టం, 2003 కింద కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నియమాలను రూపొందించింది. 2010 నాటి నియమాల స్థానంలో 2023లో కొత్తవి వచ్చాయి. హైటెన్షన్ పరికరాలకు కరెంటు ఇచ్చే ముందు ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ ఆమోదం పొందాలి.

ఆ) ఇంధన నిల్వ: పెట్రోలియం చట్టం, 1934; పెట్రోలియం నియమాలు, 2002.

ఇ) బాయిలర్: 1923 నాటి చట్టం స్థానంలో బాయిలర్ల చట్టం, 2025 వచ్చింది. బాయిలర్‌ను రిజిస్టరు చేయించాలి. దాని నిర్మాణంలో మార్పు చేయాలంటే ముందుగా బాయిలర్ల తనిఖీ శాఖ అనుమతి పొందాలి.

ఈ) అగ్నిమాపక శాఖ: ఆంధ్రప్రదేశ్‌లోనూ, దానిని స్వీకరించిన తెలంగాణలోనూ 1999 నాటి అగ్నిమాపక సేవల చట్టం అమలులో ఉంది. ఎత్తైన భవనాలకు, జనం గుమిగూడే భవనాలకు ఈ శాఖ నిరభ్యంతర పత్రం కావాలి.

ఒకే గదిలో ఉన్న యంత్రాలకు నలుగురు అధికారులు ఉన్నారని గమనించండి. ఒకరి ఆమోదం మరొకరి ఆమోదానికి బదులు కాదు.

9.3 పాత భవనం - నేటి ప్రమాణం

"ఈ భవనం కట్టినప్పుడు ఈ నియమం లేదు కదా, ఇప్పుడెందుకు పాటించాలి?" నవీకరణ మొదలుకాగానే వచ్చే ప్రశ్న ఇది. సమాధానం పని స్వభావాన్ని బట్టి ఉంటుంది. అమెరికాలో పాత భవనాల కోసం ఉన్న ప్రత్యేక నియమావళి మార్పులను మూడు స్థాయిలుగా విభజిస్తుంది. అది మనకు వర్తించదు కానీ, ఆలోచనను క్రమబద్ధం చేసుకోవడానికి పనికివస్తుంది.

మొదటి స్థాయి: ఉన్నదాని స్థానంలో అటువంటిదే అమర్చడం. ఉదాహరణకు పాడైన తలుపు తీసి కొత్త తలుపు పెట్టడం.

రెండో స్థాయి: గదుల అమరికను మార్చడం. గోడ తీసేయడం, కొత్త తలుపు తెరవడం, వ్యవస్థలను విస్తరించడం.

మూడో స్థాయి: పని జరిగే ప్రదేశం మొత్తం భవన వైశాల్యంలో 50 శాతం దాటడం.

స్థాయి పెరిగే కొద్దీ నేటి ప్రమాణాలను అందుకోవలసిన భాగం పెరుగుతుంది. ఏ స్థాయిలోనైనా మార్పు వల్ల భవన భద్రత మునుపటి కంటే తగ్గకూడదు.

వినియోగం మారడం ఇంకా ముఖ్యమైన విషయం. జాతీయ నియమావళి భవనాలను వినియోగాన్ని బట్టి వర్గీకరిస్తుంది. విద్యా భవనాలు 'బి' వర్గంలోకి, పారిశ్రామిక భవనాలు 'జి' వర్గంలోకి వస్తాయి. పాత బాయిలర్ గది ఖాళీ అయిందని దానిని తరగతి గదిగా మార్చితే అక్కడ ఉండే మనుషుల సంఖ్య, వారికి కావలసిన బయటి దారులు, పక్క గదితో ఉండవలసిన అగ్నినిరోధక విభజన అన్నీ మారిపోతాయి.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 1
1. జాతీయ భవన నిర్మాణ నియమావళి ఎప్పుడు తప్పనిసరి అవుతుంది?
2. పవర్ హౌస్‌లోని ఖాళీ గదిని కార్యాలయంగా మార్చితే ఏ అంశాలను తిరిగి పరిశీలించాలి?

9.4 ఉదాహరణ: మూడో జనరేటర్

ఒక ప్రాంగణంలో 500 కె.వి.ఎ. సామర్థ్యం గల రెండు డీజిల్ జనరేటర్లు ఉన్నాయనుకుందాం. ఒక్కొక్క దానికి 990 లీటర్ల ట్యాంకు ఉంది. లోడు పెరగడంతో అటువంటిదే మరొకటి పెట్టాలని నిర్ణయించారు.

డీజిల్ 'బి' తరగతి పెట్రోలియం. అంటే దాని ఫ్లాష్ పాయింట్ 23 డిగ్రీల సెల్సియస్‌కూ 65 డిగ్రీలకూ మధ్య ఉంటుంది. ఈ తరగతి ఇంధనాన్ని లైసెన్సు లేకుండా నిల్వ చేయడానికి చట్టం రెండు షరతులు పెట్టింది: ఒకే చోట మొత్తం నిల్వ 2,500 లీటర్లు మించకూడదు, ఏ ఒక్క పాత్ర సామర్థ్యమూ 1,000 లీటర్లు మించకూడదు. జనరేటర్ ట్యాంకులు ఎక్కువగా 990 లీటర్లవే కావడానికి కారణం ఈ రెండో షరతే.

ఇప్పుడు లెక్క చూద్దాం.

ప్రస్తుత నిల్వ: 2 × 990 = 1,980 లీటర్లు. పరిమితి లోపలే ఉంది.
మూడోది చేరితే: 3 × 990 = 2,970 లీటర్లు. పరిమితి దాటింది.

ఇప్పుడు రెండు మార్గాలున్నాయి. మొదటిది, పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ నిబంధనల ప్రకారం లైసెన్సు తీసుకోవడం. రెండోది, ట్యాంకుల పరిమాణం తగ్గించడం. ఒక్కొక్కటి 800 లీటర్లయితే మొత్తం 2,400 లీటర్లు అవుతుంది. పూర్తి లోడుపై ఇటువంటి జనరేటర్ గంటకు సుమారు 100 లీటర్లు ఖర్చు చేస్తుంది కాబట్టి, దాదాపు పది గంటలకు బదులు ఎనిమిది గంటలే నడుస్తుంది. ప్రాంగణంలో ఆసుపత్రి ఉంటే ఈ రెండు గంటల తేడా గురించి ముందుగానే ఆలోచించాలి.

ఇక్కడ మరో మెలిక ఉంది. అవసరానికి ఉంటుందని గోడ పక్కన ఒక 200 లీటర్ల డీజిల్ డ్రమ్ము పెట్టడం చాలా చోట్ల అలవాటు. 2,400కు 200 కలిస్తే 2,600. కాగితం మీద సక్రమంగా ఉన్న డిజైన్ ఒక్క డ్రమ్ముతో నియమం తప్పింది. కాబట్టి ట్యాంకులను మాత్రమే కాక ఆ చోట ఉన్న మొత్తం ఇంధనాన్ని లెక్కించాలి. లైసెన్సు అవసరం లేదంటే అపాయం లేదని అర్థం కాదు. లీకైన నూనె పారిపోకుండా ట్యాంకు చుట్టూ కట్ట గోడ ఎప్పుడూ అవసరమే.

9.5 భవనంలో పరిశీలించవలసిన అంశాలు

విభజన: ఒక గదిలో మంట పుడితే అది ఆ గదిలోనే ఆగాలి. సబ్‌స్టేషన్, జనరేటర్ గదులను సాధారణంగా 120 నిమిషాల అగ్నినిరోధక శక్తి గల గోడలతో వేరు చేస్తారు. తలుపులకు కూడా తగిన రేటింగు ఉండాలి. రేటింగు గల తలుపును రాయి అడ్డం పెట్టి తెరిచి ఉంచితే అది ఉండీ లేనట్లే.

కేబుల్ రంధ్రాలు: నవీకరణలో గోడకు ఎక్కువ హాని చేసేది ఇదే. కొత్త కేబుల్ కోసం గోడలో రంధ్రం వేస్తారు, కేబుల్ లాగుతారు, రంధ్రాన్ని అలాగే వదిలేస్తారు. 120 నిమిషాలు ఆగవలసిన గోడ గుండా పొగ నిమిషాలలో అవతలికి చేరుతుంది. ప్రతి రంధ్రాన్ని అగ్నినిరోధక పదార్థంతో మూసి, నంబరు వేసి, రిజిస్టరులో రాయాలి.

ట్రాన్స్‌ఫార్మర్ నూనె: ఖనిజ నూనె సుమారు 140 డిగ్రీల సెల్సియస్ దగ్గర మండగల ఆవిరినిస్తుంది. నివాస, వాణిజ్య భవనాల లోపల డ్రై టైపు ట్రాన్స్‌ఫార్మర్లనే వాడాలని విద్యుత్ భద్రతా నియమాలు చెబుతున్నాయి. ఆరుబయట ఉన్న పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లకు నూనె ఇంకిపోయే గుంత, ట్రాన్స్‌ఫార్మర్ల మధ్య అడ్డుగోడ కావాలి.

బ్యాటరీ గది: లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఛార్జి అవుతున్నప్పుడు హైడ్రోజన్ వెలువడుతుంది. గాలిలో అది 4 శాతానికి చేరితే మండగలదు. పాత గదిలో బ్యాటరీల సంఖ్య పెంచితే గాలి వసతిని తిరిగి లెక్కించాలి.

బయటి దారులు, పొగ: 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రంలో జరిగిన అగ్నిప్రమాదంలో 9 మంది మరణించారు. దట్టమైన పొగ వల్ల సహాయక సిబ్బంది లోపలికి వెళ్లడం చాలా కష్టమైంది. మృతులలో కేంద్రం ఇంజనీర్లు, సిబ్బందితో పాటు బ్యాటరీల సంస్థకు చెందిన ఇద్దరు ఉద్యోగులు కూడా ఉన్నారు. ప్రాంగణ పవర్ హౌస్ భూగర్భంలో ఉండకపోవచ్చు. కానీ సెల్లారులో ఉన్న జనరేటర్ గదికి ఇదే సూత్రం వర్తిస్తుంది. ఎదురెదురు దిశలలో రెండు దారులు, బయటికి తెరుచుకునే తలుపులు, కరెంటు పోయినా వెలిగే దీపాలు, పొగను బయటికి పంపే ఏర్పాటు ఉండాలి. పనికి కొత్తగా వచ్చిన వ్యక్తికి కూడా దారి తెలిసేలా గుర్తులు ఉండాలి.

9.6 పని జరిగే కాలంలో భద్రత

పాత రక్షణను తీసేసి, కొత్తది ఇంకా పెట్టని కాలమే అన్నిటికంటే అపాయకరమైనది. ఈ విషయంలో రెండు సంఘటనలు ముఖ్యం.

1975 మార్చి 22న అమెరికాలోని అలబామా రాష్ట్రంలో ఉన్న బ్రౌన్స్ ఫెర్రీ అణువిద్యుత్ కేంద్రంలో కార్మికులు గోడలోని కేబుల్ రంధ్రాలను మూస్తున్నారు. గాలి లీకవుతోందేమో చూడడానికి కొవ్వొత్తి వాడారు. మూయడానికి వాడిన పాలియురేథేన్ ఫోమ్ అంటుకుంది. 1,600కు పైగా కేబుళ్లు దెబ్బతిన్నాయి. మంట పూర్తిగా ఆరడానికి సుమారు ఏడు గంటలు పట్టింది. భద్రత కోసం చేస్తున్న పనే ప్రమాదానికి కారణమైంది.

1999 ఫిబ్రవరి 1న మిషిగన్ రాష్ట్రంలోని రివర్ రూజ్ కర్మాగారపు పవర్ హౌస్‌లో, వార్షిక తనిఖీ కోసం ఆపుతున్న బాయిలర్‌లో గ్యాసు చేరి పేలింది. ఆరుగురు మరణించారు. యంత్రాన్ని ఆపడం కూడా ఒక ప్రమాదకరమైన పనేనని ఇది నిరూపించింది.

వీటి ఆధారంగా పాటించవలసినవి:

1. వెల్డింగ్, గ్యాస్ కటింగ్‌కు రోజువారీ రాతపూర్వక అనుమతి ఉండాలి. చుట్టూ సుమారు 11 మీటర్ల మేర మండే వస్తువులు తీసేయాలి లేదా కప్పాలి. పని ముగిసిన తరువాత కనీసం గంటసేపు ఒక మనిషి అక్కడే ఉండి కనిపెట్టాలి.
2. సరఫరా ఆపిన ప్రతి బ్రేకరుకు, ఇంధన వాల్వుకు తాళం వేసి, ఎవరు వేశారో చీటీ కట్టాలి. వేసినవారే తీయాలి.
3. అలారం లేదా ఫైర్ పంపు ఆపవలసి వస్తే ఎప్పుడు ఆపారో, ఎప్పుడు తిరిగి పెడతారో రాసి, ఆ వ్యవధిలో కాపలా ఏర్పాటు చేయాలి.
4. తాత్కాలిక కేబుళ్లు బయటి దారులకు అడ్డం రాకూడదు.
5. పాత పైపులపై ఉన్న ఉష్ణనిరోధక పూతలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. పరీక్షించిన తరువాతే తొలగించాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 2
1. 750 లీటర్ల ట్యాంకులు మూడు, 200 లీటర్ల డ్రమ్ములు రెండు ఒకే చోట ఉంటే డీజిల్ లైసెన్సు అవసరమా?
2. బ్రౌన్స్ ఫెర్రీ సంఘటన నుంచి నేర్చుకోవలసినదేమిటి?

9.7 పని ముగింపు

కొత్త యంత్రం నడిచినంత మాత్రాన పని పూర్తయినట్లు కాదు. సరఫరా నిలిపి జనరేటర్ దానంతట అది అందుకుంటుందా, పొగ సూచిక మోగితే గాలి పంకాలు అనుకున్నట్లు స్పందిస్తున్నాయా, ఎర్తింగ్ నిరోధం పరిమితిలో ఉందా అని పరీక్షించాలి. జరిగిన పనికి సరిపోయేలా డ్రాయింగులను సవరించి, ఒక ప్రతిని పవర్ హౌస్ తలుపు దగ్గర ఉంచాలి. అర్ధరాత్రి అగ్నిమాపక బృందం వచ్చినప్పుడు ఏ బ్రేకరు ఏ భవనానిదో, డీజిల్ ఎక్కడుందో ఆ కాగితమే చెబుతుంది. రాత్రి డ్యూటీ ఆపరేటరుకు కొత్త వ్యవస్థపై శిక్షణ ఇవ్వడం కూడా ఈ దశలోనే జరగాలి.

9.8 సారాంశం

పవర్ హౌస్ నవీకరణకు భవన నియమావళితో పాటు విద్యుత్, ఇంధన, బాయిలర్, అగ్నిమాపక చట్టాలు వర్తిస్తాయి. యంత్రం, వినియోగం, ఇంధన నిల్వ మారినప్పుడల్లా అపాయాన్ని కొత్తగా లెక్కించాలి. మూడో జనరేటర్, గోడలో రంధ్రం, మూలన పెట్టిన డ్రమ్ము వంటి చిన్న మార్పులే నియమాన్ని తప్పిస్తాయి. పని జరిగే కాలంలో ప్రత్యేక రక్షణ అవసరం.

9.9 ముఖ్య పదాలు

ఫ్లాష్ పాయింట్: ఒక ద్రవం మండగల ఆవిరిని ఇవ్వడం ప్రారంభించే కనిష్ఠ ఉష్ణోగ్రత.
అగ్నినిరోధక రేటింగు: గోడ లేదా తలుపు మంటను నిలువరించగల సమయం, నిమిషాలలో.
నిరభ్యంతర పత్రం: అభ్యంతరం లేదని సంబంధిత శాఖ ఇచ్చే ధ్రువీకరణ.

9.10 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ప్రాంగణ పవర్ హౌస్ నవీకరణకు వర్తించే చట్టాలను వివరించండి.
2. నవీకరణ పనులు జరిగే కాలంలో అగ్నిభద్రతా చర్యలను ఉదాహరణలతో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 15 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. కేబుల్ రంధ్రాలను మూయవలసిన అవసరం.
2. భవన వినియోగంలో మార్పు - ఫలితాలు.
3. మీకు తెలిసిన కళాశాల లేదా ఆసుపత్రి జనరేటర్ గదిని బయటి నుంచి పరిశీలించి, ఈ యూనిట్‌లోని అంశాల ఆధారంగా ఒక నివేదిక రాయండి.