వృద్ధుల వైద్యము - వైద్యులకు కావలసిన చదువు

డెబ్బదియెనిమిదేండ్ల పెద్దమనిషి రెండు దినములనుండి తికమకగా మాటలాడుచు, రాత్రివేళ కన్నకొడుకునే గుర్తింపకున్నచో, వయసు మీరి మతి చలించినదని మనవారు సరిపెట్టుకొందురు. ఊరి వైద్యుడును తరచుగా అట్లే తలచును. కాని యిది మూత్రకోశమున జొచ్చిన వ్యాధివలన కావచ్చును. క్రొత్తగా మొదలుపెట్టిన నిద్రమాత్రవలన కావచ్చును. మలబద్ధమువలననో, ఒంటిలో నీరు తగ్గుటవలననో కావచ్చును. వైద్యులు దీనిని డెలీరియము అందురు. కారణమును పట్టుకొని తొలగించినచో పలువురికి మతి మరల కుదుటపడును. ఆలస్యమైనచో మనిషి దక్కకపోవుటయు గలదు. దీనిని పోల్చుకొనుటకు గొప్ప యంత్రములకంటె నేర్చిన కన్ను ముఖ్యము.

ఆ నేర్పు మన వైద్యవిద్యలో ఆలస్యముగా ప్రవేశించినది. మద్రాసు ప్రభుత్వాసుపత్రిలో డాక్టరు వి. యస్. నటరాజన్ గారు 1978లో వృద్ధులకై ప్రత్యేక విభాగము నారంభించిరి. అచ్చటి వైద్యకళాశాలలో ఈ శాస్త్రమునందు ఎం.డి. చదువు 1996లో గాని మొదలుకాలేదు. 2011 జనాభా లెక్కలనాటికే దేశమున అరువదేండ్లు నిండినవారు పదికోట్లకు మించిరి. నిపుణులు కొలదిమంది, వారును పెద్ద పట్టణములందే నిలుతురు. వారు తాలూకా ఆసుపత్రికి తరలివత్తురని యెదురుచూచుట, గోదావరి తనంతట పొలమునకు వచ్చునని గట్టున కూర్చుండుట వంటిది. కాలువ త్రవ్వుకొనవలెను.

అట్టి కాలువను అమెరికాలో త్రవ్వినవారు మన దేశమున పుట్టిన డాక్టరు సంజీవ్ అరోరా గారు. ఆయన న్యూమెక్సికో విశ్వవిద్యాలయమున కాలేయ వ్యాధుల నిపుణులు. హెపటైటిస్-సి రోగులు అచ్చట చికిత్సకై ఎనిమిది నెలలు వేచియుండవలసి వచ్చెడిది. 2003లో ఆయన, రోగులను నగరమునకు రప్పించుటకు మారుగా, ఊళ్లలోని వైద్యులను వారమున కొకమారు వీడియో మూలమున సమావేశపరచిరి. ఎకో యని దానికి పేరు. ఒక వైద్యుడు తన రోగి పేరు చెప్పక వృత్తాంతము విన్నవించును, నిపుణులు ప్రశ్నింతురు, తక్కిన వైద్యులు తమ యనుభవమును జోడింతురు. చికిత్స మాత్రము ఊరి వైద్యుడే చేయును. 407 మంది రోగుల ఫలితములు 2011లో ప్రకటింపబడినవి. విశ్వవిద్యాలయమున నూటికి 57.5 పాళ్లు, ఊళ్లలోను కారాగారములలోను 58.2 పాళ్లు నయమైనది. పెద్దాసుపత్రి గడప తొక్కినగాని రోగము కుదురదను నమ్మకము ఈ లెక్కల యెదుట నిలువదు.

బోస్టను నగరపు బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆసుపత్రివారు ఈ పద్ధతినే వృద్ధుల సంరక్షణకు మరల్చిరి. మసాచుసెట్సు, మేయిను రాష్ట్రములలోని 11 శుశ్రూషాలయములతో కూడి, మతిమరపు వ్యాధి ముదిరి కేకలువేయుచు తిరుగబడు వృద్ధులను గూర్చి చర్చించిరి. ఒకవంక వృద్ధవైద్య నిపుణుడు, మానసిక వైద్యుడు, నరముల వైద్యుడు. రెండవవంక శుశ్రూషాలయపు నర్సులు, సిబ్బంది. ఇది గమనింపదగిన విషయము. ముసలాయన రాత్రి ఏల కేకవేసెనో, కాగితము చూచినవానికంటె ప్రక్క మార్చిన నర్సుకే యెక్కువ తెలియును. ఈ చర్చలలో చేరిన యిండ్లలో వృద్ధులను కట్టివేయుట, చేరని యిండ్లకంటె చాల తక్కువగా నుండెనని 2016లో వెలువడిన పరిశీలన తెలుపుచున్నది. పరిశీలన చిన్నదే, ఐనను త్రోవ చూపుటకు చాలును.

కలవారు తమ తలిదండ్రులను కారులో హైదరాబాదునకు తీసికొనిపోగలరు. పాలేరు తల్లికి ఆ దారి లేదు. కలవారికిని అర్ధరాత్రివేళ మొదట దిక్కయ్యెడివాడు దగ్గరి వైద్యుడే. విశాఖపట్టణము, కాకినాడ, కర్నూలు, వరంగల్లులందు ప్రభుత్వ వైద్యకళాశాలలు కలవు. ఇవి తమ చుట్టునున్న తాలూకా ఆసుపత్రులతో వారమున కొక గంట తెలుగున ఇట్లు కూడుటకు క్రొత్త భవనములక్కరలేదు. ఐతే ఆ గంటను వైద్యుని కొలువులోనే లెక్కింపవలెను. పని ముగిసిన పిమ్మట కూర్చుండుమన్నచో నెలలోపల సభ ఖాళీయగును. నర్సును పిలిచి మాటలాడనీయవలెను. మొదటివారపు చర్చకు విషయమును వెదుకనక్కరలేదు: ఏదేని వృద్ధుని మందులసంచి విప్పి, ఒకరి నొకరెరుగని ముగ్గురు వైద్యులు వ్రాసిన మాత్రలలో వేటిని మానవచ్చునో చూచిన చాలును.