నాలుగు పెట్టలకు ఓ పుంజు కావాలా?

చెన్నై మాధవరంలో ఈ ఇంటికి మారిన కొత్తలో నాలుగు పెట్టల్ని తెచ్చుకున్నాం. పక్కింటి పాటి (అరవంలో అవ్వ) గోడ మీంచి తొంగి చూసి అడిగిన మొదటి మాట, "సేవల్ ఇల్లామ కోళి ముట్ట పోడుమా?" పుంజు లేకుండా కోడి గుడ్డు పెడుతుందా అని. ఆ సాయంత్రమే ఒంగోలు నుంచి పెద్దమ్మ ఫోను: "పుంజు లేకుండా ఉత్త పెట్టల్ని ఎవడైనా తెస్తాడట్రా?" అరవంలో ఒకరు, తెలుగులో ఒకరు. ఇద్దరి పోరూ పడలేక ఓ నాటు పుంజుని తెచ్చాను. అది మా ఇంట్లో ఉన్నది ఐదు నెలలు.

అపోహ: పుంజు లేనిదే గుడ్డు రాదు

పెట్ట గుడ్డు పెట్టేది వెలుతురును బట్టి. రోజుకు 14 నుంచి 16 గంటల వెలుగు ఉంటే బాగా పెడుతుంది. పచ్చసొన విడుదలయ్యాక దాని చుట్టూ తెల్లసొన, పైన పెంకు చేరి గుడ్డు బయటపడడానికి సుమారు 25 గంటలు పడుతుంది. ఇందులో పుంజు చేసే పని ఏమీ లేదు. నమ్మకం కుదరకపోతే నామక్కల్ వెళ్లి చూడొచ్చు. చెన్నై దుకాణాలకు గుడ్లు పంపే ఆ షెడ్లలో వేలకొద్దీ పెట్టలు ఉంటాయి, పుంజు ఒక్కటీ ఉండదు.

గాంధీగారికీ ఈ సంగతి తెలుసు. 1942లో ఆగాఖాన్ ప్యాలెస్‌లో నిర్బంధంలో ఉండగా ఆరోగ్యం మీద రాసిన చిన్న పుస్తకంలో, పుంజు ఎరగని పెట్ట పెట్టిన గుడ్డులోంచి పిల్ల రాదు కాబట్టి పాలు తాగేవాళ్లకు దాన్ని తినడానికి అభ్యంతరం ఉండకూడదన్నారు. పాటికి ఈ మాట చెప్పాను. గాంధీ కోళ్లను పెంచారా అని అడిగింది.

అపోహ: పుంజు తొక్కిన గుడ్డుకే బలం

గుడ్డు బలం పెట్ట తిన్న మేతది. పుంజు ఉన్నా లేకున్నా మాంసకృత్తులు, కొవ్వు, విటమిన్లలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. తేడా ఉన్నది ఒకచోటే. పచ్చసొన మీద మిరియపు గింజలో సగం ఉండే తెల్లచుక్క చూడండి. పుంజు కలవని గుడ్డులో అది అంచులు చెదిరిన చిన్న మచ్చ. కలిసిన గుడ్డులో కాస్త పెద్దదై, గుండ్రంగా, చుట్టూ వలయంతో కనిపిస్తుంది.

ఆ వలయమే మన ఊళ్లో తంటా తెస్తుంది. చలిదేశంలో అలాంటి గుడ్డు వంటింటి బల్ల మీద నిద్రపోతూ ఉంటుంది. 20–25 డిగ్రీలు దాటితే మాత్రం లోపల కణాలు మెల్లగా కదలడం మొదలెడతాయి. 37.5 డిగ్రీల దగ్గర 21 రోజుల్లో పిల్ల అవుతుంది. చెన్నైలో మే నెల కత్తిరి ఎండల్లో రేకుల వరండా అంటే, పెట్ట కూర్చోకపోయినా సగం పొదుగే. మా ఇంట్లో ఆ వరండా గంపలో ఓ గుడ్డు నాలుగు రోజులు మరుగున పడిపోయింది. ఆమ్లెట్ కోసం గిన్నె అంచుకు కొడితే, పచ్చసొన మీద సాలెగూడులా ఎర్రటి నరాలు. మా ఆవిడ గిన్నె అక్కడే వదిలేసి బయటికి వెళ్లిపోయింది. ఆ నెలంతా మా ఇంట్లో గుడ్డు వండలేదు. పుంజు ఉన్న ఇంట్లో పూటపూటా గుడ్లు ఏరాలి, ఏరగానే ఫ్రిజ్‌లో పెట్టాలి. పుంజుని పంపేశాక కూడా రెండు వారాలు, ఒక్కోసారి అంతకు పైగా ఈ జాగ్రత్త తప్పదు. పెట్ట తన ఒంట్లో వీర్యాన్ని అన్నాళ్లూ దాచుకోగలదు.

అన్నట్టు, తాజా గుడ్డులో కనిపించే ఒక్క రక్తపు చుక్కకు పుంజుతో సంబంధం లేదు. గుడ్డు తయారయ్యేటప్పుడు చిన్న రక్తనాళం చిట్లితే అలా వస్తుంది.

అపోహ: పుంజు తెల్లారినప్పుడే కూస్తుంది

"నా కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లారదు" అనుకున్న ముసలమ్మ కనీసం కూతకూ పొద్దుకూ లంకె ఉందనుకుంది. జపాన్‌లో నగోయా విశ్వవిద్యాలయం వాళ్లు పుంజుల్ని ఎప్పుడూ ఒకే మసక వెలుగులో ఉంచి గమనించి, 2013లో చెప్పారు: పుంజు ఒంట్లోనే గడియారం ఉంది, తెల్లారకముందే కూస్తుంది. మాది మూడింటికే మొదలెట్టేది. వీధి దీపానికీ, ఆటో హారన్‌కీ, మధ్యాహ్నం ఊరికేనూ కూసేది.

దగ్గర్నుంచి వింటే ఆ కూత 100 డెసిబెళ్లు దాటుతుంది. నివాస ప్రాంతాల్లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెప్పే పరిమితి 45. కూసేటప్పుడు నోరు తెరిస్తే పుంజు చెవిరంధ్రం కొంత మూసుకుపోతుంది. దాని చెవులు దానికి భద్రం, ఎటొచ్చీ పక్కింటివాళ్ల చెవులే. కేరళలోని అడూర్‌లో 2025లో ఇలాంటి కూత మీదే ఫిర్యాదు వెళితే, కోళ్లగూడును 14 రోజుల్లో అక్కణ్నుంచి మార్చమని ఆర్డీవో ఆదేశించారు.

అపోహ: పుంజు కాపలా కాస్తుంది

పగటిపూట కొంత నిజమే. ఆకాశంలో గద్ద కనిపిస్తే ఒక అరుపు, నేల మీద పిల్లి వస్తే వేరే అరుపు. పెట్టలకు ఆ తేడా తెలుసు, దాన్ని బట్టే నక్కుతాయి. కానీ మాధవరంలో గండం రాత్రిదే: పందికొక్కు, పిల్లి. చీకట్లో పుంజుకు చూపు సరిగా ఆనదు. అక్కడ కాపలా అర అంగుళం కళ్ల ఇనుప జాలీదీ, గట్టి గొళ్లానిదీ.

పుంజు లేకపోతే పెట్టలు కొట్టుకు చస్తాయన్నదీ సగం మాటే. వాటిలో పెద్దెవరో చిన్నెవరో అవే తేల్చుకుంటాయి. ఒక పుంజుకు ఎనిమిది, పది పెట్టలు ఉండాలి. నాలుగే ఉంటే వాటి వీపు మీద ఈకలు నిలవవు. మా నల్లపెట్ట వీపు ఆ ఐదు నెలలూ బోడిగానే ఉంది.

మరి పుంజు ఎప్పుడు కావాలి? పిల్లలు కావాలనుకున్నప్పుడు. అప్పుడైనా పుంజున్న వాళ్ల దగ్గర గుడ్లు తెచ్చి పొదుగుకు వచ్చిన పెట్ట కింద పెడితే సరిపోతుంది. లేదంటే పిల్లల్నే తెచ్చుకోవడానికి పశువైద్య విశ్వవిద్యాలయం వారి కోళ్ల పరిశోధన కేంద్రం మా మాధవరంలోనే ఉంది. నందనంలో ఉన్న రోజుల్లో 'నందనం కోడి'ని తయారుచేసింది వాళ్లే. ఒకటి మాత్రం ముందే లెక్కేసుకోవాలి. పది పిల్లలు దిగితే ఇంచుమించు ఐదు పుంజులే. గుడ్డు కొన మొనదేలి ఉందా గుండ్రంగా ఉందా అని చూసి ఏరడం కుదరదు, ఆడో మగో పెంకు ఆకారం చెప్పదు.

మా పుంజు రెడ్‌హిల్స్ అవతల ఓ మామిడితోటకు వెళ్లింది. ముందుగా "ఆ సేవల్‌ని ఎక్కడికైనా పంపించెయ్ ప్పా" అన్నది పాటే. వారానికి నాలుగు గుడ్లు గోడ మీంచి అందుకుంటుంది, ఒక్కటి తగ్గినా అడుగుతుంది.