దారి పలకల భాష

రహదారి పలకలో అక్షరం కంటె ఆకారమే ముందుగా మాట్లాడుతుంది. ఎర్రని అంచుగల త్రికోణం హెచ్చరిక, వలయం ఆజ్ఞ. అష్టకోణం 'ఆగుము' అన్న ఒక్క మాటకే ప్రత్యేకింపబడినది. దుమ్ము పట్టి అక్షరాలు చెరిగినా, వెనుకనుండి చూచినా గుర్తు తెలుస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో సుమారు 17 మీటర్లు దాటుతుంది. రెండు పంక్తులు చదివేలోగా మలుపే వచ్చి మీద పడుతుంది.

ఈ సూత్రానికి విరుద్ధమైన పలకలూ కలవు. 1960లో ఏర్పడిన సరిహద్దు రహదారుల సంస్థ హిమాలయ మార్గాలలో నిలిపిన ఆంగ్ల ప్రాసల పలకలను చదివి యాత్రికులు నవ్వుకొంటారు. ఆంగ్లం రాని లారీ డ్రైవరుకు ఆ నవ్వూ అందదు, హెచ్చరికా అందదు. లడఖ్‌లోని ఖర్దుంగ్ లా కనుమ ఎత్తు 18,380 అడుగులని అక్కడి పలక చాటింది. నిజమైన ఎత్తు సుమారు 17,582 అడుగులే. అతిశయోక్తికి వేరే ఉదాహరణ ఏల? లారీల వెనుక కనబడే 'హారన్ ఓకే ప్లీజ్' అన్న వ్రాత అనవసరంగా హారన్ మ్రోగింపజేస్తున్నదని మహారాష్ట్ర ప్రభుత్వం 2015లో దానిని నిషేధించింది.

మేము విద్యార్థులతో శ్రీశైలం వెళ్ళినప్పుడు, దోమలపెంట దాటి కృష్ణవైపు దిగే ఘాటులో ఒక లారీ కొండను ఒరుసుకొని నిలిచి ఉన్నది. చక్రాలనుండి పొగ, కాలిన వాసన. దైవికంగా ఎవరికీ దెబ్బలు తగలలేదు.

"డీజిల్ మిగులుతదని న్యూట్రల్‌ల దింపిండు సార్" అన్నాడు మా బస్సు డ్రైవరు.

పలకపై 'నెమ్మదిగా వెళ్ళుడు' అని ఉన్నది. ఎట్లు నెమ్మదించాలో లేదు. న్యూట్రల్‌లో బండిని ఇంజను పట్టి ఉంచదు, భారమంతా బ్రేకులదే. ఎడతెగక నొక్కితే ఒరిపిడికి డ్రమ్ములు కాగి వ్యాకోచిస్తాయి, బ్రేకు పట్టు సడలుతుంది. అందుకే ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలని పాత డ్రైవర్ల మాట. మిగులుతుందనుకొన్న డీజిలు కూడ భ్రమయే. నేటి ఇంజన్లు గేరులో దిగునప్పుడు ఇంధనాన్ని ఆపివేస్తాయి. న్యూట్రల్‌లోనైతే ఇంజను ఆగక తిరగడానికి డీజిలు కావలసిందే.

లారీ క్లీనరు అప్పటికే వెనుక మలుపు వద్ద పచ్చని కొమ్మలు విరిచి వేసి, రాళ్ళు వరుసగా పేర్చినాడు. ఏ రాష్ట్రపు డ్రైవరుకైనా తెలిసే పలక అది, అక్షరమే అక్కరలేదు. మరునాడు తిరిగి వచ్చేసరికి లారీ లేదు. కొమ్మలు వాడినవి. రాళ్ళు మాత్రం దారి మధ్యనే ఉన్నాయి. రాత్రివేళ మోటారు సైకిలుపై వచ్చేవానికి అవి కనబడవు. మేము బస్సు ఆపించినాము. విద్యార్థులు దిగి, వాటిని ఒక్కొక్కటిగా గట్టుకు చేర్చినారు.